వెనక గోడ నుంచి ముందు గోడకొచ్చిన గడ్డ

2011, అక్టోబరు మొదటి వారం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, బస్ డిపోకు కాస్త ఇవతల, కళ్ళజోళ్ళ షాపు పైన మొదటి అంతస్తులో మా స్కానింగ్ సెంటరు ఉండేది. మామూలు రోజుల్లో ఆ రోడ్డు హోరుకు పేషెంటు చెప్పే మాట వినాలంటే కిటికీ మూసుకోవాల్సిందే. ఆ నెలలో బస్సులన్నీ డిపోలో వరసగా నిలబడిపోయాయి. హారన్ల బదులు డప్పులు, పాటలు, ఊరేగింపులు. కోచింగ్ సెంటర్ల పిల్లలు పుస్తకాల సంచులు భుజాన వేసుకునే వాటి వెంట నడిచేవాళ్ళు. ఆస్పత్రుల్నీ మందుల షాపుల్నీ ఎవరూ ముట్టుకునేవారు కాదు కాబట్టి మేం షట్టరు సగం దించి పని చేసుకునేవాళ్ళం.

నేను సోనాలజిస్టును. అంటే అల్ట్రాసౌండ్ మెషీను మీద కడుపు లోపల చూసి రిపోర్టు రాసే డాక్టర్ని. మాకు జనంలో పేరుండదు. అందరికీ మేం "స్కానింగ్ మేడం"లమే. కాన్పు చేసిన డాక్టరమ్మకు స్వీటు డబ్బాలు వస్తాయి, మాకు "మేడం, జర జల్ది చెయ్యుండ్రి" వస్తుంది. పుట్టింది తెనాలి దగ్గర, కాపురం ఎల్బీనగర్‌లో. ఆ రోజుల్లో మా చుట్టాలు ఫోన్ చేసి "అక్కడ ఎలా ఉంటున్నారే?" అని కంగారుగా అడిగేవాళ్ళు. ఎప్పటిలాగే పేషెంట్ల మీద అరుస్తూ ఉంటున్నానని చెప్పేదాన్ని.

మా సెంటరులో ఒక పద్ధతి ఉండేది. తొలి నెలల్లో పొట్ట మీంచి స్కాన్ చేయాలంటే మూత్రాశయం నిండి ఉండాలి. అది నిండితే పేగులు పక్కకు జరిగి, వెనక ఉన్న గర్భసంచి స్పష్టంగా కనపడుతుంది. అందుకని వచ్చిన ప్రతి ఆడమనిషికీ నీళ్ళ బాటిలు ఇచ్చి బెంచి మీద కూర్చోబెడతాం. వరస, వచ్చిన వేళను బట్టి కాదు, ఎవరిది నిండితే వాళ్ళు ముందు. ఆ వరసకు జడ్జి మా రజియా. మలక్‌పేట అమ్మాయి, రిసెప్షను, నర్సు, ఆయా అన్నీ తనే. తలుపు దగ్గర నిలబడి "ఎవరిది ఫుల్లయింది అక్కా?" అని అరిస్తే బెంచి మొత్తం లేచి నిలబడేది. అబద్ధమాడేవాళ్ళను మొహం చూసి పట్టేసేది. "నువ్వు కూసో అక్కా, నీకింక నవ్వొస్తున్నది" అనేది.

ఆ రోజు ఆటోలు కూడా బంద్. బెంచి ఖాళీ. పొద్దున్నుంచీ ఒక్క పేషెంటు రాలేదు. ఇంటికి పోదామా అనుకుంటుండగా మెట్ల మీద ముగ్గురు కనపడ్డారు. ముందు ఒక పెద్దావిడ, కచ్చ పోసి కట్టిన చీర, చేతిలో ప్లాస్టిక్ కవరులో పాత రిపోర్టులు. వెనక గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్న అమ్మాయి. ఆమె చెయ్యి పట్టుకుని ఒక యువకుడు, మెడలో యూనియన్ కండువా.

రజియా ఆ అమ్మాయి మొహం చూసింది. నీళ్ళ బాటిలు ఇవ్వకుండానే నా వైపు తిరిగింది. "మేడం, ఈ అక్కది ఎప్పుడో ఫుల్లయింది. పాపం, కండ్లల్ల నీళ్ళొస్తున్నయ్."

"ఎక్కడి నుంచి వస్తున్నారమ్మా?" అని అడిగాను.

"ఎల్బీనగర్ చౌరస్తా అవుతలికెల్లి," అన్నాడు యువకుడు. "బస్సుల్లేవు, ఆటోల్లేవు. నడుచుకుంటనే ఒచ్చినం మేడం."

"బస్సుల్లేవని నువ్వే చెప్తున్నావా?" అన్నాను అతని కండువా చూస్తూ. "ఆపింది మీరే కదయ్యా!"

అతను నవ్వలేక నవ్వాడు. పేరు యాదగిరి, ఆర్టీసీలో కండక్టరు. సమ్మె శిబిరం నుంచి ఇంటికెళ్ళి వీళ్ళను తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి అతని భార్య స్వరూప, పెద్దావిడ అతని తల్లి ముత్తమ్మ. చౌటుప్పల్ అవతల వాళ్ళ ఊరు. ఉద్యోగం వచ్చాక ఎల్బీనగర్‌లో కిరాయికి ఒక పోర్షను తీసుకుని ఉంటున్నారు. స్వరూపకు అది నాలుగో నెల. అంతకు ముందు రెండుసార్లు గర్భం నిలిచి, పోయింది. మొదటిసారి అయిదో నెలలో, రెండోసారి మూడో నెలలో.

ఈసారి నాలుగో నెల పడ్డప్పటి నుంచీ పొట్ట ఉండుండి గట్టిపడుతోందని వాళ్ళ డాక్టరమ్మకు చెప్పుకుంది. ఆవిడ స్కాన్ రాసింది. ఇంటి దగ్గర్లోనే ఒక సెంటరులో తీయించారు. రిపోర్టులో గర్భసంచి వెనక గోడలో పెద్ద ఫైబ్రాయిడ్ ఉందని వచ్చింది. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండలో పెరిగే గడ్డ. చాలామందికి అది ఉన్నా బిడ్డ నిక్షేపంగా పెరుగుతుంది. కానీ రెండుసార్లు చేతులు కాల్చుకున్న ఇంట్లో "గడ్డ" అన్న మాట పడితే ఇంక ఎవరికి నిద్ర పడుతుంది? డాక్టరమ్మకు ఆ రిపోర్టు మీద ఎందుకో నమ్మకం కుదరక, ఇంకోసారి చూసి చెప్పమని నా దగ్గరికి పంపింది.

స్వరూపను బల్ల మీద పడుకోబెట్టాను. చల్లటి జెల్లు తగలగానే ఉలిక్కిపడింది. పొట్ట మీద తిప్పే ప్రోబు పెట్టాను. ముందు గుండె వెతుకుతాం మేం, ఎవరైనా సరే. అది కనపడేదాకా ఊపిరి బిగపట్టుకునే ఉంటాను, ఇన్నేళ్ళయినా. కనపడింది. చిన్న మిణుకు, టకటకమని. బిడ్డ వెల్లకిలా పడుకుని ఒక కాలు చాపి, మళ్ళీ ముడుచుకుంది.

"గుండె కొట్టుకుంటోందమ్మా. బాగుంది," అన్నాను.

స్వరూప కళ్ళు గట్టిగా మూసుకుంది.

తర్వాత గడ్డ కోసం చూశాను. ఉంది. పెద్దదే. బిడ్డ ఉన్న నీటి సంచిలోకి గుండ్రంగా పొడుచుకొచ్చి ఉంది. రిపోర్టులో ఉన్న సైజుకు ఇంచుమించు అంతే. ఒక్క చిక్కేమిటంటే అది ముందు గోడలో ఉంది. వెనక గోడ నున్నగా, పలచగా, ఏ ఎత్తుపల్లాలూ లేకుండా ఉంది.

రిపోర్టు తీసి మళ్ళీ చదివాను. వెనక గోడ అనే ఉంది, అనుమానం లేదు. రెండు గడ్డలున్నాయా అనుకుందామంటే, మరి ఆ మొదటి సెంటరు డాక్టరు చూసినది ఏదీ? గడ్డకు కాళ్ళుండవు. వెనక గోడలో పుట్టింది వెనక గోడలోనే ఉంటుంది.

నాకు ఒక అనుమానం వచ్చింది. గర్భసంచిని మనం సంచి అంటాం గానీ అది సంచి కాదు, కండ. చేతి కండ బిగిసినట్టే అదీ బిగుస్తుంది, వదులుతుంది. ఆ బిగుసుకోవడం కాన్పు నొప్పులతో మొదలవుతుందని అందరూ అనుకుంటారు. కాదు. గర్భం నిలిచిన తొలి వారాల నుంచీ అది ఎక్కడో ఒకచోట బిగుస్తూనే ఉంటుంది, చప్పుడు లేకుండా, చాలాసార్లు తల్లికి కూడా తెలియకుండా. ఒకేచోట గోడ అలా బిగిసి ఉబ్బితే దాన్ని ఫోకల్ మయోమెట్రియల్ కాంట్రాక్షన్ అంటాం. స్క్రీన్ మీద అది అచ్చం ఫైబ్రాయిడ్‌లాగే ఉంటుంది. ఒక్కోసారి అరగంట దాకా అలాగే నిలబడుతుంది కూడా. చదువుకునేటప్పుడే మా ప్రొఫెసర్లు దీని గురించి హెచ్చరిస్తారు. అయినా పది మంది బెంచి మీద బిగపట్టుకుని కూర్చున్న రోజున, లోపలున్న పేషెంటును అరగంట పడుకోబెట్టేంత తీరిక ఎవరికుంటుంది? అందుకే ఆ మొదటి డాక్టర్ని నేను తప్పుపట్టను. ఆయన చూసిన నిమిషంలో అక్కడ గడ్డలాంటిది ఉంది, రాశాడు.

అయితే ఇది అదేనని తేల్చాలి. ఫైబ్రాయిడ్ అయితే రక్తనాళాలు దాని చుట్టూ తిరిగి పోతాయి, బిగిసిన కండ అయితే లోపల నుంచే పోతాయి. ఆ నాళాల్ని చూపించే రంగుల డాప్లర్ మీద చెయ్యి వేశానో లేదో, కరెంటు పోయింది.

సింగరేణిలో బొగ్గు తీయడం ఆగిపోయిన రోజులవి. ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మెషీనుకున్న యూపీఎస్ కాసేపు అరిచి ఊరుకుంది. కింది షాపుల వాళ్ళందరికీ, మాకూ కలిపి ఒకటే జనరేటరు. షాపులు బంద్ కాబట్టి దాన్ని వేసే మనిషి రాలేదు. రజియా కిటికీ తలుపులు బార్లా తెరిచింది. పండ్ల మార్కెట్టు వైపు నుంచి వస్తున్న ఊరేగింపు డప్పు గదిలోకి వచ్చేసింది.

"మేడం," అంది స్వరూప మెల్లగా. "జర బాత్రూముకు పోయి రావొచ్చునా? ఇగ నాతోని అయితలేదు."

"ఎంతసేపయింది తల్లీ నువ్వు బిగపట్టి?"

"ఇంటికాడ్నే తాగిన. రెండు చెంబుల నీళ్ళు. గా స్కానింగ్ల అట్లనే చెప్పిండ్రు, కడుపు నిండ తాగి రమ్మని. కొత్తపేట దాటంగనే ఆగలేదు. కానీ పోతే మళ్ళ స్కానింగ్ చెయ్యరేమోనని..."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు, మా అందరి మీదా. తాగి రమ్మని చెప్పేస్తాం. ఎక్కడి నుంచి నడిచొస్తారో, దారిలో ఆడమనిషి ఎక్కడికి పోగలదో మనకెందుకు! రజియాను తోడిచ్చి పంపాను.

ఆమె అటు వెళ్ళగానే ముత్తమ్మ లోపలికొచ్చింది. వెనకే యాదగిరి. ఆవిడ కూర్చోలేదు, మాట చుట్టూ తిప్పలేదు.

"డాక్టరమ్మా, గడ్డ ఎంతున్నది? ఉన్నదని రాసియ్యి. రేపు తీసుకపోయి కడిగిపిస్తం. గడ్డ ఆపరేషన్ చేపిచ్చినంకనే మళ్ళ పిల్లల సంగతి."

కడిగించడం అంటే గర్భం తీయించేయడం. కోపంగా ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"నువ్వు నన్ను రాచ్చసి అనుకుంటున్నవ్. మొదటిసారి పోయినప్పుడు దానికి రగుతం ఆగలే. పట్నం తీసుకొచ్చెదాంక నా తొడ మీద తలకాయ పెట్టుకోని పన్నది. కాళ్ళు సల్లవడ్డయ్. పిల్ల సచ్చిపోయిందనే అనుకున్న. నాకు ఆడపిల్లల్లేరు డాక్టరమ్మా, ఈ పొల్లనే నా బిడ్డ. లోపలిది ఎట్లుంటదో నాకెర్కలే. ఇది నాకెర్క. ఇది బతికుంటె చాలు."

యాదగిరి తల వంచుకున్నాడు. "అమ్మ చెప్పేది గూడ నిజమే మేడం. స్వరూప ఒద్దంటున్నది. ఇద్దరిట్ల ఎవ్వరికి ఏం చెప్పాల్నో నాకు సమజైతలేదు. మీరు ఏది రాస్తె గదే చేస్తం."

అంతవరకూ నేను ఎన్ని వేల రిపోర్టులు రాశానో లెక్క లేదు. నేను రాసే ఒక్క మాట మీద ఒక ప్రాణం నిలబడి ఉందని ఎదురుగా నిలబడి చెప్పినవాళ్ళు మాత్రం అప్పటిదాకా లేరు.

"పెద్దమ్మా, కరెంటు రానివ్వు," అన్నాను. "ఇప్పుడే ఏమీ రాయను. కాసేపు ఆగి మళ్ళీ చూస్తాను."

"మళ్ళ ఏం జూస్తవ్? గడ్డ యాడికి పోతది?"

"అదే చూడాలి."

స్వరూప తిరిగి వచ్చింది. మొహం తేలికపడింది. బల్ల మీద కూర్చోబెట్టి కబుర్లలో దింపాను, కరెంటు లేనప్పుడు డాక్టరు చేయగలిగింది అదొక్కటే. పొట్ట ఎప్పుడెప్పుడు గట్టిపడుతుందని అడిగాను. నడిచినప్పుడు, అంది. మూత్రం ఆపుకున్నప్పుడు ఇంకా ఎక్కువ, అంది. ఎందుకు ఆపుకుంటావంటే తలొంచుకుంది. వాళ్ళ కిరాయి పోర్షనుకు బాత్రూము విడిగా లేదు, ఇంటి ఓనరు వాళ్ళ వాకిట్లోంచి వెళ్ళాలి. ఆ ఓనరమ్మ ఎప్పుడూ వాకిట్లోనే కూర్చుంటుంది. "మాటిమాటికి పోతే ఏందే గింత నీళ్ళ ఖర్చు అంటది. గందుకని పొద్దుందాక నీళ్ళే తాగ."

ముత్తమ్మ కోడలి వైపు చూసింది.

కింద ఊరేగింపు మా కిటికీ దాకా వచ్చి ఆగింది. ఎవరో మంచి గొంతున్న కుర్రాడు పాట ఎత్తుకున్నాడు. గదిలో అందరం అది వింటూ కూర్చున్నాం. యాదగిరి పెదవులు వాటంతటవే కదులుతున్నాయి. నేను చూడటం గమనించి ఆపేశాడు.

"పాడుకోవయ్యా, నేనేమనుకోను," అన్నాను.

"మేడం మీది ఆంధ్ర గదా," అన్నాడు మొహమాటంగా.

"అవును. మీ ఆవిడ గర్భసంచికి ఆ సంగతి తెలియదులే. నాకు ఎలా కనపడితే అలాగే చెప్తాను."

ఈసారి అతను నిజంగానే నవ్వాడు. ముత్తమ్మ కూడా మూతి పక్కకు తిప్పుకుంది గానీ అది నవ్వే.

పాట అయ్యి ఊరేగింపు ముందుకు కదిలాక కరెంటు వచ్చింది. మెషీను లేవడానికి తీసుకునే ఆ కాస్త సమయంలో నేను మనసులో దేవుడికి ఏం మొక్కానో రాయను. డాక్టరై ఉండి అలా మొక్కడం బాగుండదు.

ప్రోబు పెట్టాను. ముందు గోడ నున్నగా ఉంది.

పక్కలకు తిప్పాను, కింద చూశాను, పైన చూశాను. ఎక్కడా ఏమీ లేదు. ఇందాక అంత పెద్దగా పొడుచుకొచ్చిన ముద్ద, ఏ ఆనవాలూ లేకుండా మాయమైపోయింది. వెనక గోడా శుభ్రమే. గర్భసంచి ముఖద్వారాన్ని, అంటే సర్విక్స్‌ని, కొలిచాను. రెండుసార్లు గర్భం పోయినవాళ్ళలో అది ముందే పొట్టిగా అయిపోయి తెరుచుకోవడం మొదలుపెడుతుందేమోనని మా భయం. మూత్రాశయం నిండి ఉంటే అది ఉన్నదానికంటే పొడుగ్గా కనపడి మోసం చేస్తుంది. ఇప్పుడు ఖాళీ కాబట్టి ఉన్నది ఉన్నట్టు కనపడింది. నిండుగా, గట్టిగా మూసుకుని ఉంది.

"గడ్డ లేదు," అన్నాను.

ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పేముంది! కాగితం మీద రాసి ఉన్నది, డాక్టరు సంతకం పెట్టినది, ఒక్క గంటలో లేదంటే ఎలా నమ్ముతారు? ముత్తమ్మ రిపోర్టు కవరును గుండెలకు పట్టుకుని నా వైపు అనుమానంగా చూస్తోంది. ఈవిడకు మాటలతో చెప్తే లాభం లేదు. మానిటరును వాళ్ళ వైపు తిప్పాను.

"అందరూ ఇక్కడికొచ్చి నిలబడండి. రజియా, ఆ లైటు తీసెయ్. ఎవరికీ తొందర లేదు కదా? నాకూ లేదు."

ప్రోబును కదల్చకుండా పట్టుకున్నాను. స్క్రీన్ మీద నల్లటి నీళ్ళు, దాని చుట్టూ బూడిదరంగు గోడ, మధ్యలో బిడ్డ. కాసేపు ఏమీ జరగలేదు. నా భుజం నొప్పి పుట్టింది. అప్పుడు కుడి పక్క గోడ కాస్త మందమైనట్టనిపించింది. నా భ్రమేమో అనుకున్నాను. కాదు. చూస్తుండగానే మెల్లమెల్లగా గోడ ఉబ్బడం మొదలుపెట్టింది. లోపల నుంచి ఎవరో పిడికిలి బిగిస్తున్నట్టు, నిదానంగా, తొందరేమీ లేకుండా పెరిగి, నీళ్ళలోకి గుండ్రంగా పొడుచుకొచ్చింది.

"అగో! గడ్డ!" అని అరిచింది ముత్తమ్మ.

"గడ్డ కాదు పెద్దమ్మా, ఆగు. ఇప్పుడు డాప్లర్ వేస్తాను." ఎరుపు, నీలం చుక్కలు ఆ ముద్ద లోపల నుంచి హాయిగా పారుతున్నాయి. "రక్తం దాని లోపల నుంచే పోతోంది చూశావా? అది కండ. నీ కోడలి గర్భసంచి బిగుసుకుంటోంది, అంతే. స్వరూపా, నీకిప్పుడు నొప్పేమైనా ఉందా?"

"లేదు మేడం."

"బిగుసుకున్నట్టు?"

"ఏం తెలుస్తలేదు."

ఆమె కళ్ళు స్క్రీన్ మీద నుంచి తిప్పలేదు. తన ఒంట్లో, తన చేతికి జానెడు దూరంలో అంత పని జరుగుతుంటే ఆమెకే తెలియడం లేదు. బిడ్డ కాలు చాపింది. అరికాలు ఆ ముద్దకు తగిలింది. తగలగానే ఒక్క తన్ను తన్ని, వెనక్కి తేలిపోయి, ఏమీ పట్టనట్టు మళ్ళీ ముడుచుకుంది. గుండె మిణుకు ఒక్క పిసరు తడబడలేదు. చుట్టూ గోడ బిగుస్తోంటే లోపల అది ఆడుకుంటోంది.

నేను ఆ పని మొదలుపెట్టి అప్పటికి పదేళ్ళు దాటింది. ఇలాంటి ఉబ్బుల్ని ఎన్నోసార్లు చూశాను, పోయేదాకా ఆగి మళ్ళీ చూశాను. అయితే అది మొదలైన చోటు నుంచి చివరిదాకా ఎప్పుడూ కూర్చుని చూడలేదు. పుస్తకంలో దాన్ని పొరపాటుకు కారణమయ్యే ఒక అడ్డంకిగా చదువుకున్నాను. ఆ రోజు అది అడ్డంకిలా కనపడలేదు. ఆరు నెలల తర్వాత ఒక పెద్ద పని ఉందని ఆ కండకు ఎవరు చెప్పారు? ఎవరూ అడగకుండా, ఎవరూ చూడకుండా, మోస్తున్న మనిషికి కూడా చెప్పకుండా, అది అప్పుడే సాధన చేసుకుంటోంది. ఇంత చిన్న బిడ్డను నలగనివ్వకుండా ఎంత బిగించాలో అంతే బిగిస్తోంది. నాకు తెలిసిన చదువంతా అక్కడ నోరు మూసుకుని నిలబడింది.

రజియా "సుభానల్లా" అనుకుంది లోలోపల. కాసేపటికి ముద్ద మెల్లగా కరిగి, గోడలో కలిసిపోయింది. ఉన్నట్టు కూడా లేదు.

"పాయె," అన్నాడు యాదగిరి.

ముత్తమ్మ స్క్రీన్‌కు మరీ దగ్గరగా వచ్చి, ఆ చోటును వేలితో ముట్టుకుంది. "గిది అందరికయితదా?"

"అందరికీ అవుతుంది. నీకూ అయ్యే ఉంటుంది, యాదగిరి కడుపులో ఉన్నప్పుడు."

ఆవిడ ఆలోచించింది. "అయ్యింది. నాట్లేస్తాంటె ఒక్కపారి రాయి లెక్క అయ్యేది. ఒడ్డుకు కూసుంటె పొయ్యేది. ఎవ్వరికి చెప్పలె."

అప్పుడు స్వరూప నోరు విప్పింది. నా వైపు చూడకుండా, పైకప్పు వైపు చూస్తూ అడిగింది. "మేడం, మొదటిసారి గూడ గిట్లనే గట్టివడ్డది. నేను బోరింగు కాడ బిందె ఎత్తుకోనున్న. దించాలె అనుకున్న, దించలే. ఇల్లు దగ్గర్నే గదా అని నడిచిన. రెండు దినాలకు పోయిండు. నేను బిందె దించితె ఉంటుండెనా?"

మూడేళ్ళుగా మోస్తోంది ఆ బిందెను. ఎవరికీ చెప్పలేదు. యాదగిరి మొహం చూస్తే అతనికీ ఆ సంగతి తెలియదని అర్థమైంది.

"ఆ బిడ్డ ఎందుకు పోయాడో నాకు తెలియదమ్మా," అన్నాను. "తెలుసని అబద్ధం చెప్పను. కానీ బిందె వల్ల కాదు. ఇలా బిగుసుకోవడం వల్లా కాదు. ఇప్పుడే చూశావుగా, ఎంత బిగిసినా లోపలున్నది కాలు చాపుకుని తంతోంది."

ఆమె ఏడ్చింది. చప్పుడు లేకుండా, కణతల మీంచి చెవుల్లోకి కారేలా. నేను జెల్లు తుడుస్తున్నట్టు నటిస్తూ చాలాసేపు తుడిచాను. ముత్తమ్మ కొంగుతో కోడలి చెవుల దగ్గర తడి అద్దింది. "పిచ్చిదానా, నాకు చెప్పరాదే!" అని తిట్టింది. ఆ తిట్టులో ఉన్న ప్రేమకు నాకూ కళ్ళు తడిశాయి, దాచుకోవడమెందుకు.

రిపోర్టు రాశాను. ఫైబ్రాయిడ్ లేదు, అక్కడక్కడా గోడ బిగిసి వదులుతోంది, సర్విక్స్ బాగుంది, రెండు వారాలకు మళ్ళీ చూడాలి. నోటితో ఇంకొన్ని చెప్పాను. నీళ్ళు బాగా తాగాలి, మూత్రం ఆపుకోకూడదు, గట్టిపడితే ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. ఆగకుండా ఒకదాని వెంట ఒకటి నొప్పిగా వచ్చినా, రక్తం కనపడినా, నీరు పోయినా మాత్రం సమ్మెలని చూడకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి. ఈసారి గ్యారంటీ ఇస్తారా అని యాదగిరి అడిగాడు. మెషీనుకు కూడా నేను గ్యారంటీ ఇవ్వలేనయ్యా, అన్నాను. ఇవాళ మాత్రం ఇద్దరూ బాగున్నారు.

"గా ఓనరమ్మతోని నేను మాట్లాడుత," అంది ముత్తమ్మ కవరు చంకలో పెట్టుకుంటూ. ఆవిడ అన్న తీరు చూస్తే ఓనరమ్మ మీద నాకు జాలేసింది.

శిబిరంలోని మిత్రుడెవరో మోటారు సైకిలు తెస్తే అతని వెనక స్వరూపను ఎక్కించి, మెల్లగా పోనిమ్మని, యాదగిరి, ముత్తమ్మ పక్కనే నడుస్తూ తీసుకెళ్ళారు. తర్వాత రెండు స్కాన్లకూ వచ్చారు. బిడ్డ నెలలకు తగ్గట్టు పెరుగుతూ వచ్చింది. సర్విక్స్ ఎక్కడా లొంగలేదు.

ఆ తర్వాత మా సెంటరులో ఒక కొత్త నియమం పెట్టాను. దూరం నుంచి వచ్చేవాళ్ళెవరూ ఇంటి దగ్గర తాగి రానక్కరలేదు, ఇక్కడికొచ్చాకే తాగాలి. గర్భసంచి గోడలో ముద్దలాంటిది ఏది కనపడినా, ఆ పేషెంటును లేపి, బాత్రూముకు పంపి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ చూడకుండా ఒక్క అక్షరం రాయను. బెంచి మీద ఎంతమంది ఉన్నా సరే. నా కింద పని నేర్చుకునే పిల్ల డాక్టర్లు "మేడం, టైము" అని గొణిగితే, రాసింది చెరపడానికి పట్టే టైముకంటే ఇదే తక్కువ అని కసురుకుంటాను. కనపడిందల్లా ఉన్నట్టే అనుకోకూడదని ఆ కేసు నేర్పింది. దానికంటే పెద్దది ఇంకోటి నేర్పింది. నేను రోజూ చూసేది జబ్బుల్ని కాదు, పని చేసుకుంటున్న ఒక శరీరాన్ని. దాని పనికి అడ్డం రాకుండా, దానికి మర్యాదిచ్చి చూడాలి.

మరుసటి ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నా ఫోను మోగింది. యాదగిరి.

"మేడం, పరేషాన్ చేస్తున్న. స్వరూపకు మళ్ళ గట్టివడుతున్నదంట. నేనేమో మీరు చూపెట్టిన్రు గదా, గది ఉత్తదే, ఎడమ దిక్కు పండుకో అంటున్న. ఇంటలేదు."

"ఎన్నో నెలయ్యా?"

"తొమ్మిది నిండినయ్ మేడం."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "ఫోను ఆమెకివ్వు."

ఆయాసపడుతున్న గొంతు వినపడింది. వెనక ముత్తమ్మ ఎవర్నో ఆటో పిలవమని అరుస్తోంది.

"స్వరూపా, ఎలా ఉంది? అప్పటిలాగే ఉందా?"

"కాదు మేడం," అంది. ఒక నొప్పి వచ్చి పోయేదాకా ఆగింది. తర్వాత ఆ గొంతులో భయం లేదు. "గప్పుడు నాకు చెప్పకుంట చేసుకున్నది. ఇప్పుడు చెప్పి చేస్తున్నది."

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది.